వాలీబాల్ కొత్తగా నేర్చుకునే జట్టులో పొజిషన్లు మొదటి నుంచే పంచాలా, అందరితో అన్నీ ఆడించాలా?

సర్వీస్‌లైన్
నేర్పేవాళ్ళం ఇద్దరం, పిల్లలు పన్నెండు పదమూడేళ్ళవాళ్ళు. మా ఇద్దరికీ ఒక్క విషయంలో పొసగడం లేదు. ఆయనేమో మొదటి నెలలోనే "నువ్వు సెట్టర్, నువ్వు మిడిల్, నువ్వు లిబెరో" అని పంచేద్దామంటారు (సెట్టర్ అంటే కొట్టేవాళ్ళకు బంతిని ఎత్తి ఇచ్చేవాళ్ళు, మిడిల్ అంటే నెట్ దగ్గర మధ్యలో ఆడేవాళ్ళు, లిబెరో అంటే వెనక వరసలో బంతిని లేపడానికే ఉండేవాళ్ళు). నేను వద్దంటాను. రెండేళ్ళపాటు ఆరుగురూ అన్నీ ఆడాలి. రొటేషన్‌లో ముందు వరస మధ్యలోకి ఎవరొస్తే వాళ్ళే సెట్ చెయ్యాలి (6-6 అంటారే, అది). అండర్‌హ్యాండ్ (ముంజేతులతో కిందనుంచి బంతిని లేపడం), సెట్, స్మాష్, బ్లాక్ (నెట్ దగ్గర చేతులెత్తి అడ్డుకోవడం), సర్వీస్ అన్నీ కాస్త చేతికొచ్చాక గానీ ఎవరు దేనికి పనికొస్తారో తెలియదని నా వాదన. మీరేమంటారు?

వెనకవరస
నేను మీ తోటి కోచ్ పక్షం. 6-6 వినడానికి బాగుంటుంది, కోర్టులో చూస్తే ఏడుపొస్తుంది. జట్టుకు ఉన్నవి మూడు టచ్‌లు. రెండోది సరిగ్గా లేస్తేనే మూడోది స్మాష్ అవుతుంది. ఆ రెండో టచ్‌ను ఆరుగురికీ పంచారనుకోండి, ఒక్కొక్కరికి దక్కేది ఆరో వంతు సాధన. పిల్లలు తెలివైనవాళ్ళు. సెట్ ఎటు పోతుందో నమ్మకం లేనప్పుడు మొదటి టచ్‌కే బంతిని అవతలికి తోసేస్తారు. రెండేళ్ళు అలా ఆడితే వాళ్ళు నేర్చుకునేది బంతిని వదిలించుకోవడమే.

కొత్తబంతి
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. సర్వీస్ మారినప్పుడల్లా అందరూ జరుగుతారు కదా, ఇక పొజిషన్ అనేది ఎలా నిలుస్తుంది?

నెట్‌పక్కన
మంచి ప్రశ్న, చాలామంది ఇక్కడే తికమకపడతారు. రొటేషన్ వేరు, పని వేరు. అవతలి జట్టు సర్వీస్ చేసినప్పుడు పాయింటు మనం గెలిచి మన చేతికి సర్వీస్ వచ్చినప్పుడు మాత్రమే గడియారం తిరిగే వైపు ఒక్కో చోటు జరుగుతాం. వెనక కుడి మూల 1, దానికి ముందు నెట్ దగ్గర 2, ముందు మధ్యలో 3, ముందు ఎడమ 4, వెనక ఎడమ 5, వెనక మధ్యలో 6. సర్వీస్ చేసేది 1లో ఉన్నవాళ్ళు.

సర్వీస్ అందుకునే జట్టు, అవతలివాళ్ళ చెయ్యి బంతికి తగిలే క్షణానికి ఈ క్రమంలో ఉండాలి. 2లో ఉన్నామె 1లో ఉన్నామె కన్నా నెట్‌కు దూరంగా ఉండకూడదు, 3లో ఉన్నామె 4ను దాటి ఎడమకు పోకూడదు, అలాగన్నమాట. బంతి లేచాక ఎవరు ఎటైనా పరుగెత్తవచ్చు. అందుకే 5-1 పద్ధతిలో (ఐదుగురు కొట్టేవాళ్ళు, ఒక సెట్టర్) ఆ ఒక్క సెట్టరే వెనక వరసలో ఉన్నా నెట్ దగ్గరికి ఉరికి వచ్చి సెట్ చేస్తుంది. కానీ వెనక వరసవాళ్ళు బ్లాక్ చెయ్యకూడదు. నెట్‌కు 3 మీటర్ల దూరంలో ఉన్న గీత లోపల నిలబడి, నెట్ ఎత్తుకు పైనున్న బంతిని అవతలికి కొట్టనూకూడదు. గీత వెనక నుంచి ఎగిరి కొడితే తప్పులేదు.

ఇప్పుడు అసలు చర్చకు వస్తే, నేను సర్వీస్‌లైన్ గారితోనే. ఈ రొటేషన్ నియమం ఉన్నదే ఒకరు ఒకేచోట పాతుకుపోకుండా ఉండటానికి. పెద్దవాళ్ళు దానికి దొడ్డిదారులు కనిపెట్టుకున్నారు, సరే. పిల్లలకు ఆ దారులే మొదటి పాఠం ఎందుకు?

పాతజెర్సీ
చరిత్ర వైపు నుంచి రెండు మాటలు. 1895లో అమెరికాలోని హోలియోక్‌లో విలియం మోర్గాన్ ఈ ఆటను తయారుచేసింది, బాస్కెట్‌బాల్ దూకుడు పడని పెద్దవయసువాళ్ళ కోసం. మొదటి పేరు మింటోనెట్. నెట్ ఆరున్నర అడుగులే. జట్టుకు ఇంతమందే అన్న లెక్క లేదు, ఇన్నే టచ్‌లు అన్న హద్దూ లేదు. అంటే ఎవరికీ ప్రత్యేకమైన పనే లేదు. తర్వాత ఫిలిప్పీన్స్‌లో బంతిని ఎత్తి ఇవ్వడం, పైనుంచి బాదడం మొదలయ్యాయి. మూడు టచ్‌ల హద్దు వచ్చింది. అక్కడి నుంచి ఎత్తేవాళ్ళు వేరు, కొట్టేవాళ్ళు వేరు అయ్యారు. అందుకే ఆట స్వభావమే పనుల పంపకం అని ఒకరనవచ్చు, పంపకం తర్వాత అంటుకున్నదని ఇంకొకరనవచ్చు. చరిత్రను ఇద్దరూ లాక్కోవచ్చు కాబట్టి దాన్ని ఇక్కడే వదిలేద్దాం.

నెట్‌పక్కన
కార్చ్ కిరాయ్‌ను మాత్రం వదలను. 1984, 1988 ఒలింపిక్స్‌లో ఇండోర్ స్వర్ణాలు, 1996 అట్లాంటాలో బీచ్ వాలీబాల్ స్వర్ణం. బీచ్‌లో ఉండేది ఇద్దరే. సర్వీస్ అందుకోవాలి, సెట్ చెయ్యాలి, కొట్టాలి, బ్లాక్‌కు లేవాలి. అన్నీ వచ్చినవాడు కాబట్టే రెండు చోట్లా నిలిచాడు.

వెనకవరస
అదే కిరాయ్‌ని నేనూ పిలుస్తాను సాక్షిగా. 1984 అమెరికా జట్టులో కోచ్ డగ్ బీల్ చేసింది ఏమిటి? అప్పటిదాకా సర్వీస్ అందుకోవడానికి నలుగురైదుగురు నిలబడేవారు. ఆయన ఆ పనిని కిరాయ్, బెర్జిన్స్ అనే ఇద్దరికి అప్పగించి మిగతావాళ్ళను పక్కకు తప్పించాడు. పనులు విడగొట్టడంలో అంతకన్నా పెద్ద అడుగు ఏముంది? ఆ జట్టు స్వర్ణం గెలిచింది.

నెట్‌పక్కన
గెలిచింది, కానీ ఆ ఇద్దరికీ అందుకోవడం ఎక్కడినుంచి వచ్చింది? పన్నెండేళ్ళకే "నువ్వు పొడుగు, నువ్వు మిడిల్" అని నిలబెట్టి ఉంటే వచ్చేదా? జాతీయ జట్టు లెక్క వేరండీ, అక్కడ అన్నీ నేర్చినవాళ్ళలోంచి ఒక పనికి ఏరుకుంటారు.

సర్వీస్‌లైన్
నా భయమూ అక్కడే ఉంది. మా జట్టులో ఒకమ్మాయి మిగతావాళ్ళకన్నా తలెత్తు పొడుగు. మా తోటి కోచ్ ఆమెను మిడిల్ అన్నారు. మిడిల్ వెనక వరసకు వెళ్ళగానే ఏం జరుగుతుంది? తన సర్వీస్ అయిపోగానే లిబెరో లోపలికి, ఆమె బయటికి. మళ్ళీ ముందు వరస వచ్చేదాకా బెంచీ మీదే. ఆ పిల్లకు అండర్‌హ్యాండ్ ఆడాల్సిన అవసరమే రాదు. పదహారేళ్ళకు మిగతావాళ్ళూ ఎత్తు పెరుగుతారు. అప్పుడు ఆమె మిడిల్‌కు పొట్టి, వేరే దేనికీ శిక్షణ లేదు. అందుకే పిల్లల పోటీల్లో లిబెరో అసలు వద్దంటాను.

చిన్నోడు10
అన్నా, నేను లిబెరోనే. మీరు తీసెయ్యమంటున్నది నా చోటు. 1998లో ఆ నియమం రాకపోతే మాలాంటి పొట్టివాళ్ళను కోర్టు దగ్గరికి రానిచ్చేవారా? పురుషుల నెట్ 2.43 మీటర్లు. నేను ఎగిరినా చేతులు దాని పైకి పోవు. బ్లాక్ చెయ్యను, నెట్ పైనుంచి కొట్టను, సర్వీస్ కూడా నాది కాదు. కానీ అవతలివాడు బాదిన బంతి నేలకు తగలకుండా లేపినప్పుడు జట్టంతా నా మీద పడుతుంది. ఆ ఆనందం పొడుగువాళ్ళ సొత్తు మాత్రమే కాదు కదా.

నెట్‌పక్కన
తమ్ముడూ, నీ చోటు నీకే ఉండనీ, నువ్వు పెద్దవాళ్ళ ఆట ఆడుతున్నావు. కానీ పొట్టివాళ్ళకు మిగిలింది లిబెరో ఒక్కటే అన్న మాట ఒప్పుకోను. జపాన్ సెట్టర్ యోషియే తకెషిత ఎత్తు 159 సెంటీమీటర్లు. మహిళల నెట్ 2.24. రొటేషన్‌లో ముందు వరసకు వచ్చి నిలబడుతూనే 2012 ఒలింపిక్స్‌లో కాంస్యం అందుకుంది. పన్నెండేళ్ళప్పుడు ఎత్తు చూసి ముద్ర వేస్తే ఇలాంటివాళ్ళు ఎంతమంది వెనక వరసలోనే ఉండిపోతారో.

కొత్తబంతి
ఇంకో సందేహం. పాత పద్ధతిలో సర్వీస్ చేసే జట్టుకే పాయింట్ వచ్చేదట కదా. అప్పుడు తప్పు చేస్తే నష్టం లేదు కాబట్టి అందరితో అన్నీ ఆడించడం సులువు. ఇప్పుడు ప్రతి ర్యాలీకీ (సర్వీస్ నుంచి బంతి ఆగేదాకా సాగే ఆటకు) పాయింటే, ఆ కారణంగానే కోచ్‌లు భయపడి పొజిషన్లు పంచేస్తున్నారేమో?

పాతజెర్సీ
సగమే నిజం. పాత 15 పాయింట్ల పద్ధతిలో సర్వీస్ చేసే జట్టు తప్పు చేస్తేనే పాయింట్ పోయేది కాదు, సర్వీస్ మాత్రం చేజారేది. అందుకునే జట్టు బంతిని వదిలేస్తే అప్పుడూ అవతలివాళ్ళకు పాయింటే. కొత్త పిల్లలు ఎక్కువగా తప్పు చేసేది అందుకోవడంలోనే, కాబట్టి అక్కడ వాళ్ళకు కలిసొచ్చింది తక్కువ. ర్యాలీ పాయింట్లు మార్చింది సర్వీస్‌ను. 25 పాయింట్ల సెట్‌లో సర్వీస్ నెట్‌కు తగిలి ఆగిపోతే అవతలికి ఒకటి ఇచ్చేసినట్టే. పాత రోజుల్లో ఒక్క సెట్ ఎంతసేపు సాగుతుందో ఎవరికీ తెలిసేది కాదు. దాన్ని తిరిగి రమ్మని నేనైతే పిలవను, చూసి చూసి మెడలు పట్టేసేవి.

వెనకవరస
సరే, మధ్యలో ఒక దారి ఉంది, ఎవరూ ఎత్తలేదు. 4-2. ఇద్దరు సెట్టర్లు, రొటేషన్‌లో ఒకరికొకరు ఎదురెదురు చోట్లలో. అప్పుడు ఎప్పుడూ ఒకరు ముందు వరసలో ఉంటారు, సెట్ చేసేది వాళ్ళే. వెనక నుంచి ఉరికి రావడం, దానికోసం సర్వీస్ క్షణంలో ఎవరి ముందు ఎవరుండాలో చూసుకునే ఓవర్‌ల్యాప్ లెక్కలు ఏవీ అక్కర్లేదు. మిగతా నలుగురూ అందుకుంటారు, కొడతారు, బ్లాక్‌కు లేస్తారు. లిబెరో వద్దంటే వద్దు, అది వదులుకుంటాను. కానీ సెట్టర్ వేళ్ళు మాత్రం ముందే తయారవ్వాలి. అండర్‌హ్యాండ్ పద్దెనిమిదేళ్ళకు నేర్చుకున్నవాళ్ళను చూశాను. మంచి సెట్ అలా ఆలస్యంగా నేర్చినవాళ్ళను చూడలేదు.

సర్వీస్‌లైన్
దీనికి మా తోటి కోచ్ ఒప్పుకునేలా ఉన్నారు. 4-2 ఆడిస్తాం, లిబెరో ఉండదు, పొడుగమ్మాయి వెనక వరసలో కూడా ఆడుతుంది. ఒక్క షరతు నాది: ఆ ఇద్దరు సెట్టర్లు ఎవరన్నది నెలకోసారి మారుతుంది.

వెనకవరస
నెలకోసారి మారిస్తే అది నెమ్మదిగా తిరిగే 6-6 అండీ! కనీసం సీజన్ అంతా ఉంచండి.

సర్వీస్‌లైన్
సగం సీజన్. అంతకు మించి దిగను.