‘పోయాను’ అనాలా, ‘కన్నుమూశాను’ అనాలా? రొసెట్టి పద్యంలో ఒక క్రియ

ఇంగ్లిష్ కవయిత్రి క్రిస్టినా రొసెట్టి 1858లో రాసిన ‘ఎట్ హోమ్’ అనే పద్యాన్ని తెలుగు చేస్తూ నాలుగు రోజులుగా ఒక్క క్రియ దగ్గరే ఆగిపోయాను. పెద్దలు దారి చూపాలి.

కథ చిన్నది. చనిపోయిన మనిషి ఆత్మ, బతికుండగా తరచూ వెళ్ళిన ఇంటికే వస్తుంది. లోపల స్నేహితులు పచ్చని నారింజ కొమ్మల కింద విందులో ఉన్నారు. వైన్ చేతులు మారుతోంది, పీచ్ పళ్ళు జుర్రుతున్నారు. రేపు ఇసుకలో మైళ్ళకొద్దీ నడుద్దామని ఒకరు, ఆటుపోటు మారేలోపు గద్దగూడంత ఎత్తుకు ఎక్కేద్దామని ఇంకొకరు. అందరి నోటా ‘రేపు’. నిన్నటి ఊసు ఎవరూ ఎత్తరు. పోనీ వాళ్ళు చెడ్డవాళ్ళా అంటే కాదు, ఒకరంటే ఒకరికి ప్రాణం. తిట్టుకోవడానికి కూడా ఆత్మకు మనిషి దొరకడు!

ఇక క్రియ సంగతి. ‘పాస్’ అన్న మాట పద్యంలో నాలుగుసార్లు వస్తుంది. మొదట గుమ్మం దాటడం, తర్వాత చనిపోవడం. చివరి చరణంలో గదిలోంచి వెళ్ళడం, ఆ వెంటనే ప్రేమకు దూరమై పోవడం. నేను ‘దాటాను’, ‘కన్నుమూశాను’, ‘వెళ్ళిపోయాను’ అని రాశాను. అర్థం అంతా వచ్చింది, పద్యం మాత్రం రాలేదు. అప్పుడు తట్టింది మన ‘పోవు’. వెళ్ళడానికీ అదే, చావడానికీ అదే. కానీ మా గుంటూరు వైపు ‘పోయాను’ అంటే చెవికి కటువు. ఊరికి బయల్దేరుతూ ‘వెళ్తున్నా’ అన్నా మా అమ్మమ్మ గుమ్మంలోనే ఆపి, ‘వెళ్ళొస్తాను’ అనిపించాకే కదలనిచ్చేది.

ఇంకో చిక్కు. ‘రేపు, ఇవాళ’ అని వాళ్ళు కేకలేస్తుంటే, తాను నిన్నటి కాలానికి చెందినదాన్నని ఆత్మ అంటుంది. ‘నిన్నటిదాన్ని’ అంటే ఆడ, ‘నిన్నటివాణ్ణి’ అంటే మగ. మూలంలో ఆ తేడా లేదు. ‘నిన్నటి మనిషిని’ అందామంటే పాతకాలం మనిషి అన్న అర్థం వచ్చేస్తోంది.

కరీంనగర్ నుంచి ఒకరు:
అక్కా, మా దగ్గర ‘నిన్న అంగడికి పోయిన’ అంటే ఎవరూ ఉలిక్కిపడరు. రోజుకు వందసార్లు అంటం. ఇంగ్లిష్‌లో ‘పాస్’ కూడా అట్ల మెత్తటి మాటే కదా? మొదటి చరణంలో చదివేవాళ్ళు దాన్ని పట్టించుకోకుండా దాటేయాలి, చివరికొచ్చేసరికి గుచ్చుకోవాలి. మీ చెవిలో అది మొదట్లోనే గుచ్చుకుంటోంది, అందుకే టెన్షన్. ఇంకోటి చూడండి. ‘నేను పోయిన’ అంటే ఆడ మగ తేడా లేదు. ‘పోయిన ఆదివారం’ అన్నప్పుడూ అదే మాట. అంటే కాలం కూడా పోతది, మనిషిలాగనే.

రిటైరైన ఇంగ్లిష్ మాస్టారు:
అమ్మాయ్, ‘ప్రేత’ అన్న సంస్కృత మాటకు అసలర్థం ముందుకు వెళ్ళిపోయిన మనిషి అనే. తెలుగులోకి వచ్చేసరికి భయపెట్టే మాటైంది, కనుక వాడమని చెప్పను. ‘ఆత్మ’ ఉండనీ. ‘దయ్యం’ అంటే మాత్రం పద్యం సినిమా అయిపోతుంది.

నేను చెప్పాలనుకున్నది చివరి ఉపమ గురించి. ఒక్కరోజు ఉండి వెళ్ళే అతిథి జ్ఞాపకంలా గదిలోంచి పోయానంటుంది కదా, అది రొసెట్టి సొంతం కాదు. సొలోమోను జ్ఞానగ్రంథం అయిదో అధ్యాయం, 14వ వచనం. ప్రొటెస్టంట్ బైబిళ్ళలో సాధారణంగా ఉండదు, కాథలిక్ బైబిల్లో ఉంటుంది. అక్కడ అలా చెదిరిపోయేది చనిపోయినవాళ్ళు కాదు, భక్తిహీనుల ఆశ. ఇప్పుడు మూడో చరణం మళ్ళీ చదువు. ఆశతో బలంగా ఉన్నది ఎవరు? విందులో కూర్చున్నవాళ్ళు. ఆత్మ ఆ ఉపమను తన మీద వేసుకుంటోంది కానీ, బైబిల్ నోటికి వచ్చిన ఆనాటి పాఠకుడి చూపు బల్ల వైపు తిరగకుండా ఉండదు. నా మటుకు పద్యంలో అసలు వణుకు అక్కడుంది.

‘అతిథి’ అనే రాయి, ‘చుట్టం’ వద్దు. ఒక్క రాత్రి ఉండేవాడే అతిథి అని మనుస్మృతి మూడో అధ్యాయంలో నిర్వచనమే ఉంది. మన చుట్టాలు ఒక్కరోజుతో కదులుతారా?

పోస్టు రాసినామె:
మాస్టారూ, ఆ వచనం నాకు తెలియదు. ‘వాళ్ళది రేపు, నాది నిన్న’ అని రాసి మురిసిపోయాను కూడా. తీసేస్తున్నాను, నిన్న తనది కాదు, తనే నిన్నది. తమ్ముడూ, నీ ‘పోయిన ఆదివారం’ నుంచే దారి దొరికింది:

‘రేపు, ఇవాళ’ అని వాళ్ళ కేక,
నేనేమో పోయిన రోజుని.

‘నాన్న పోయిన రోజు’ అంటాం కదా, ఆ అర్థమూ లోపల ఉండిపోతుంది. ఆడ మగ గొడవా లేదు. మొదటి చరణంలో ‘గుమ్మం దాటి పోయాను’ అనే ఉంచుతున్నాను, మా అమ్మమ్మ క్షమించాలి.

కరీంనగర్ నుంచి ఒకరు:
మస్తుంది అక్కా. మరి ఆత్మ చలికి వణికినా ఆ చలి టేబుల్ క్లాత్ మీద కూడా పడలేదని ఉంటది కదా, అక్కడేం పెట్టిన్రు?

పోస్టు రాసినామె:
టేబుల్ క్లాత్ అనే ఉంచాను. ఒక రాత్రంతా ‘విస్తరి’ అని ఉండింది, పొద్దున్నే కొట్టేశాను.