చెనక్కాయల (వేరుశనగ) చేలో గెనాల (గట్ల) మీద ఏ చెట్లు పెట్టాలి?

పాకాల దగ్గర మాకు మూడెకరాల మెట్ట ఉంది. ఏటా చెనక్కాయలే. పోయినేడు గెనిమ మీద నాలుగు వేప మొక్కలు పెడితే మూడు మేకల పాలయ్యాయి. మిగిలినదానికి నాన్న ముళ్ళకంప కట్టాడు గానీ, నీడ పడితే పంట పోతుందని ఆయన టెన్షన్. ఏం పెట్టమంటారు?

జవాబు 1: గ్లిరిసిడియా పెట్టన్నా. కొమ్మ గుచ్చినా బతుకుతుంది. విత్తేముందు నరికి ఆకు చేలో తొక్కిస్తే నత్రజని అందుతుంది, నీడా తగ్గుతుంది. మా దగ్గర కొమ్మలున్నాయి.

జవాబు 2: ఎర్రచందనమైతే తొందరపడొద్దు. చేవ కట్టడానికే పాతికేళ్ళు, నరకాలంటే ఫారెస్టు పర్మిషన్. నేను బెంగళూరా మామిడి వరసల మధ్య ఐదేళ్ళు చెనక్కాయలు తీశా. ఆరో ఏడు చెట్ల కింద చెనక్కాయ ఊడలే (కాయ కట్టే కాడలు) మట్టిలోకి దిగలేదు.

అడిగినాయన: కొమ్మలకు ఆదివారం వస్తానన్నా, ఏ ఊరు మీది?