గ్రబ్ రెస్క్యూ అని నల్ల స్క్రీన్ వస్తే ఫార్మాట్ కొట్టుడేనా?

నల్లగొండ_డీటీపీ:
2025 అక్టోబర్ 14తోని విండోస్ 10కు అప్‌డేట్లు బందయినయి గదా. మా సిస్టం 11కు పనికిరాదని చూపెట్టింది. అందుకని విండోస్ పక్కకే లినక్స్ మింట్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టం ఎక్కించిన. మంచిగనే ఉంది గానీ పేజీలు కట్టే పేజ్‌మేకర్, తెలుగు టైపు చేసే 'అను' ఫాంట్లు దాంట్ల నడుస్తలేవు. పెండ్లి పత్రికల పని ఆగుతదని విండోస్‌లకు పోయి, డిస్క్ మేనేజ్‌మెంట్‌ల మింట్ పార్టిషన్ (డిస్క్‌ల అది ఉన్న భాగం) తీసేసిన. రీస్టార్ట్ చేస్తే 'నో సచ్ పార్టిషన్', దానికింద 'గ్రబ్ రెస్క్యూ'. అంతే, ముందటికి పోతలేదు. క్లాక్ టవర్ దిక్కు ఒక షాపుల అడిగితే ఫార్మాటే దిక్కు అంటున్నరు. నిజమేనా?

పాలమూరు_పెంగ్విన్:
ఆగు అన్నా, ఎవ్వరికీ ఇయ్యకు. విండోస్‌కు ఏం కాలే. మింట్ ఎక్కించినంక సిస్టంను లేపే పని గ్రబ్ తీసుకుంది. దానికి కావాల్సిన ఫైళ్లు మింట్ పార్టిషన్‌ల ఉండె, అవి లేకనే నిలవడ్డది. ఆన్ చేస్తూనే బూట్ మెనూ కీ కొట్టు. డెల్‌కు ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9. 'విండోస్ బూట్ మేనేజర్' కనబడితే ఎంటర్. తర్వాత బయాస్ సెట్టింగులల్ల బూట్ వరుసల దాన్నే మొదటికి తెచ్చుకో.

జడ్చర్ల_సర్వీస్:
చెప్పుడు అల్కనే తమ్మీ. పాత సిస్టంలు లెగసీ మోడ్‌ల, అంటే పాత బయాస్ పద్ధతిల లేస్తయి, వాటిల్ల ఆ పేరే రాదు. ఒక్కదాని ముంగట కూసుంటే మిగిలిన గిరాకి వాపస్ పోతది. రిపేరు చేసి పంపినంక ఇంకేదన్న అయితే 'నువ్వు ముట్టినంకనే ఖరాబైంది' అని కొట్లాటకొస్తరు. ఫార్మాట్ కొడితే ఆ లొల్లి ఉండదు. కొట్టేది సి డ్రైవే, డి జోలికి పోము.

పాలమూరు_పెంగ్విన్:
లెగసీ అయితే విండోస్ పెన్‌డ్రైవ్‌తోని లేపి, రిపేర్‌ల కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'బూట్‌రెక్ /ఫిక్స్‌ఎంబీఆర్' కొడితే సాలు. డిస్క్ మొదట్ల ఉండే చిన్న బూట్ కోడ్‌నే తిరిగి రాస్తది, పార్టిషన్ టేబుల్‌ను ముట్టది. యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిల లేచే సిస్టంకు మాత్రం ఇది పనికిరాదు, దానికి 'బీసీడీబూట్' కమాండ్ కావాలె. యూట్యూబ్‌ల రెండూ కలిపి చెప్తరు, జనం ఆడనే ఆగమైతరు.

మిర్యాలగూడ_జిరాక్స్:
'సి డ్రైవే' అంట! డీటీపీ చేసేటోళ్లు ఫైళ్లు ఏడ పెడ్తరో మీకు తెల్వదా అన్నా? డెస్క్‌టాప్ మీద. 'కార్డు ఫైనల్', 'కార్డు ఫైనల్ 2', 'ఫైనల్ లాస్ట్'. అదంతా సి లనే గదా. ముందుగాల మింట్ ఎక్కించిన పెన్‌డ్రైవ్‌తోనే లైవ్‌ల (డిస్క్‌ల ఎక్కించకుండ) లేపి, అన్నీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌కు కాపీ కొట్టుకోండి. విండోస్‌ల ఫాస్ట్ స్టార్టప్ సెట్టింగ్ ఆన్‌ల ఉంటే విండోస్ డ్రైవ్‌ల ఏం రాయనియ్యకపోవచ్చు గానీ, చదివి కాపీ చేసుకోవచ్చు.

జడ్చర్ల_సర్వీస్:
కాపీ ముచ్చట ఒప్పుకుంట. కానీ అప్‌డేట్లు బందయిన విండోస్‌ను బాగుచేసి ఏం ఫాయిదా? ఎట్లైనా విప్పినప్పుడు 11 ఎక్కించుకునుడే నయం.

పాలమూరు_పెంగ్విన్:
11 ఏ సిస్టంల ఎక్కిస్తవు అన్నా? షరతులు దాటేసి ఎక్కించినా, కోర్ 2 డ్యుయో కాలం ప్రాసెసర్ల మీద 11ల 24హెచ్2 వెర్షన్ బూటే కాదు. పత్రికల పనికైతే నెట్ తీసేసి 10 మీదనే నడిపియ్యొచ్చు.

నల్లగొండ_డీటీపీ:
మాది హెచ్‌పీ. మిర్యాలగూడ అక్క చెప్పినట్టు కాపీ కొట్టుకున్నంక ఎఫ్9 కొట్టిన, బూట్ మేనేజర్ కనబడ్డది, విండోస్ లేచింది. నెట్ తీసేసుడు మాత్రం నాతోని కాదు తమ్మీ, పార్టీలు ప్రూఫ్ వాట్సాప్‌లనే పంపమంటరు.