వెక్ట్రెక్స్‌కి ఏ ఎమ్యులేటర్ మేలు? గీతలు మెట్లుమెట్లుగా వస్తున్నాయి

చుక్కలరాయుడు:
వెక్ట్రెక్స్ అనే పాత గేమ్ మెషీన్‌ని కంప్యూటర్‌లో అనుకరించడానికి (ఎమ్యులేటర్ పని అదే) రెట్రోఆర్చ్ ప్రోగ్రామ్‌లో వెక్స్ కోర్ (ఆ మెషీన్‌ని అనుకరించే భాగం) పెట్టి మైన్ స్టార్మ్ గేమ్ ఆడుతున్నా. ఏటవాలు గీతలన్నీ మెట్లుమెట్లుగా, పాలిపోయినట్టు వస్తున్నాయి. పైగా 13వ లెవెల్‌లో గేమ్ ఆగిపోయింది. మేమ్ అనే ఇంకో ఎమ్యులేటర్‌కి మారిపోనా? ల్యాప్‌టాప్ పాతది, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు.

పాతట్యూబు:
13వ లెవెల్ పాపం ఎమ్యులేటర్‌ది కాదండీ. 1982లో మెషీన్ రోమ్‌లోనే (లోపల శాశ్వతంగా రాసిన ప్రోగ్రామ్‌లోనే) వచ్చిన బగ్ అది. అప్పట్లో ఫిర్యాదు చేసినవాళ్లకి కంపెనీ మైన్ స్టార్మ్ 2 కార్ట్రిడ్జ్ పంపింది. మీకూ అక్కడే ఆగిందంటే కోర్ నిజాయితీగా నడుస్తున్నట్టే!

ఇక గీతలు. వెక్ట్రెక్స్‌లో పిక్సెల్ అన్న మాటే లేదు. 9 అంగుళాల నిలువు ట్యూబు మీద ఎలక్ట్రాన్ కిరణమే గీత గీసుకుంటూ పోతుంది. కాసేపు ఒక్కచోట నిలబడితే అక్కడ చుక్క భగ్గుమంటుంది. తూటాలు అంత మెరిసేది అందుకే. మన స్క్రీన్ దాన్నంతా పిక్సెళ్లలో సర్దాలి కాబట్టి మెట్లు తప్పవు, తగ్గించుకోవడమే. కోర్ ఆప్షన్స్‌లో రిజల్యూషన్ మల్టిప్లయర్ (బొమ్మని ఎన్ని రెట్లు ఎక్కువ పిక్సెళ్లలో గీయాలో చెప్పేది) 1 మీద ఉంటే 3కో 4కో పెంచండి.

అప్పటికీ నచ్చకపోతే మేమ్. mame.ini అనే సెట్టింగ్స్ ఫైల్‌లో కిరణం మందం కనిష్ఠం, గరిష్ఠం విడివిడిగా ఇవ్వొచ్చు. మసక గీత సన్నగా, వెలుగు గీత లావుగా వస్తుంది, నా లెక్కలో సగం అందం అక్కడే. గ్లో షేడర్ల (గీత చుట్టూ కాంతి పూసే గ్రాఫిక్స్ ఎఫెక్టుల) జోలికి మాత్రం వెళ్లకండి, మీ ల్యాప్‌టాప్ మూలుగుతుంది. మెషీన్ ఎమ్యులేషన్ బరువేమీ కాదు, లోపలున్నది 1.5 మెగాహెర్ట్జ్ 6809 ప్రాసెసరే.

చుక్కలరాయుడు:
4 పెట్టాక చాలా నయం అన్నా. యూట్యూబ్‌లో రంగులు కనిపిస్తాయే, నాకు తెలుపే వస్తోంది?

పాతట్యూబు:
అసలు స్క్రీన్ బ్లాక్ అండ్ వైటే. గేముతో ఇచ్చిన రంగు ప్లాస్టిక్ షీటు ముందు తగిలించుకునేవారు, ఓవర్లే అంటారు. మేమ్‌లో దానికి ఆర్ట్‌వర్క్ ఫైల్ విడిగా పెట్టుకోవాలి. నేనైతే తీసేసే ఆడతా, షీటు పడితే గీత వెలుగు చస్తుంది.

నాలుగుబటన్లు:
ఇంకోటి. దీని కంట్రోలర్‌లో నాలుగు బటన్లూ ఒకే వరుసలో ఉంటాయి. మామూలు గేమ్‌ప్యాడ్‌లో వాటిని గుండ్రంగా సర్దితే థ్రస్ట్ (ఓడని ముందుకు తోసే 3వ బటన్), ఫైర్ (4వ బటన్) తికమక. కీబోర్డులో ఎ, ఎస్, డి, ఎఫ్‌కి వరసగా మ్యాప్ చేసుకో తమ్ముడూ.