రాకెట్ల ఖర్చుకి జనాన్ని నాయకులు ఎలా ఒప్పించారు? వక్తృత్వ పోటీకి సాయం కావాలి

పెదవాల్తేరు:
వైజాగ్‌లో కాలేజీ పోటీ, 5 నిమిషాలు. కెనెడీ, వాజపేయి, మోదీ ప్రసంగాలు తీసుకుంటున్నా. "కష్టం కాబట్టే చంద్రుడి మీదికి" అన్న మాట అందరూ చెప్పేస్తారు. అది కాక ఇంకేం పట్టుకోవచ్చండీ?

సిరిపురం:
కెనెడీ డబ్బు సంగతి ఎలా చెప్పాడో పట్టుకోండి. 1962 సెప్టెంబర్ 12, హ్యూస్టన్, రైస్ యూనివర్సిటీ స్టేడియం. ముందు ఊరివాళ్ల వాటా చెప్పాడు: 5 ఏళ్లలో ఇక్కడ సైంటిస్టులు, ఇంజినీర్లు రెట్టింపు, ల్యాబులకీ కట్టడాలకీ దాదాపు 20 కోట్ల డాలర్లు. బిల్లు ఆ తర్వాతే తీశాడు. ఏడాదికి 540 కోట్ల డాలర్లు, అయినా సిగరెట్లకీ చుట్టలకీ మనం తగలేసే దానికంటే తక్కువే అన్నాడు. ఖర్చుని మనిషికి వారానికి 40 సెంట్లుగా చెప్పి, త్వరలో 50 దాటుతుందనీ తనే చెప్పేశాడు. పెరిగినప్పుడు నిలదీయడానికి ఇంకేం మిగిలింది!

చంద్రుడి మీదికి పంపే రాకెట్ ఎత్తు 300 అడుగుల పైన, "ఈ ఫుట్‌బాల్ మైదానమంత" అన్నాడు. జనం కూర్చున్నది ఆ మైదానం చుట్టూనే మరి. మీకిక్కడ అది పండదు. బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ పొడవు 91 మీటర్లు, అంటే దాదాపు 300 అడుగులే. దాన్ని నిటారుగా నిలబెట్టి చూపించండి.

గాజువాక:
మోదీ ఆటో లెక్క మాత్రం జాగ్రత్త. 2014 సెప్టెంబర్‌లో న్యూయార్క్‌లో, అహ్మదాబాద్ ఆటోకి కిలోమీటరుకి 10 రూపాయలు, అంగారకుడి దగ్గరికి వెళ్లిన మన నౌక మంగళ్‌యాన్‌కి 7 అన్నారు. 450 కోట్లని 65 కోట్ల కిలోమీటర్లతో భాగిస్తే దాదాపు 7, లెక్క సరే. కానీ నౌక ఆ దూరంలో చాలావరకు ఇంజన్ ఆపేసి ఊరికే సాగిపోతుంది. ఇంధనం ఖర్చయ్యేది ముఖ్యంగా భూమి పట్టు విడిపించుకునేటప్పుడూ, అంగారకుడి దగ్గర బ్రేకు వేసేటప్పుడూ. మీటరు వేసి కొలిచే ప్రయాణం కాదది. చమత్కారంగా వాడుకోండి, రుజువుగా కాదు. ఫిజిక్స్ మాస్టారు జడ్జి అయితే అక్కడే దొరికిపోతారు.

గడువుల సంగతీ కలపండి. 2003 ఆగస్టు 15న ఎర్రకోట మీద వాజపేయి చంద్రుడి దగ్గరికి నౌక 2008 కల్లా అన్నారు, చంద్రయాన్-1 2008 అక్టోబర్ 22న లేచింది. 2018లో అదే కోట మీద మోదీ మనిషిని అంతరిక్షంలోకి పంపే గగన్‌యాన్‌కి 2022 అన్నారు, ఆ ఏడు దాటిపోయింది. తారీఖు చప్పట్లు తెస్తుంది, తప్పితే అదే మెడకి చుట్టుకుంటుంది.

పెదవాల్తేరు:
"తిండిలేని దేశానికి రాకెట్లెందుకు" అని అడిగితే? హుద్‌హుద్ తుఫాను సంగతి చెప్పనా?

సిరిపురం:
చెప్పండి, వైజాగ్‌లో దాన్ని మించింది లేదు. మంగళ్‌యాన్ కక్ష్యలో చేరింది 2014 సెప్టెంబర్ 24న, తుఫాను మన ఒడ్డు తాకింది అక్టోబర్ 12న. రెండూ కలిపేయకండి, అంతే. తుఫానుని కనిపెట్టింది వాతావరణ ఉపగ్రహాలు, మంగళ్‌యాన్ కాదు.