క్రూడ్ పడిన వరిమడికి బాక్టీరియా పొడి పనిచేస్తుందా?

ప్రశ్న:
మాది కోనసీమ. నిరుడు దాళ్వా కోతల సమయంలో గట్టు పక్కనున్న పైపులైను కారి, మా మడిలో సుమారు పది సెంట్ల మేర ముడి చమురు పరుచుకుంది. కంపెనీవారు పైన తేలినదాన్ని తోడించి, పరిహారం ఇచ్చి వెళ్లిపోయారు. సార్వాలో అక్కడ ఊడ్చిన నాట్లు పసుపుబారి, పిలకలు వేయకుండానే చచ్చిపోయాయి. ఇప్పటికీ నీళ్లు చల్లితే మట్టి పీల్చుకోవడం లేదు, పైనే పూసలు కడుతున్నాయి. చమురును తినే బాక్టీరియా పొడి తన దగ్గర ఉందని ఒక వ్యాపారి చెబుతున్నాడు. కొనవచ్చునా?

జవాబు 1:
తొందరపడకండి. సూడోమోనాస్, రోడోకాకస్ వంటి చమురు తినే బాక్టీరియా మామూలు నేలల్లోనే ఉంటుంది, చమురు పడ్డాక దాని సంఖ్య దానంతటదే పెరుగుతుంది. దానికి కరువయ్యేవి ప్రాణవాయువు, నత్రజని, భాస్వరం. ముడి చమురులో ఉన్నదంతా దాదాపు కర్బనమూ ఉదజనే కాబట్టి, దాన్ని తినే క్రమంలో బాక్టీరియా మట్టిలోని నత్రజనిని లాగేసుకుంటుంది. మీ నాట్లు పసుపుబారడానికి అదీ ఒక కారణం కావచ్చు. 1989లో అలాస్కా తీరాన ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి చమురు ఒలికినప్పుడు రాళ్ల మీద చల్లింది ప్రధానంగా ఎరువులనే. పని చేసింది అక్కడి సూక్ష్మజీవులే.

నీరు కట్టిన మడిలో గాలి ఆడదు కనుక ఆ పది సెంట్లలో కొంతకాలం వరి మానేసి, చుట్టూ గట్టు వేసి, నీరు తీసేయండి. పశువుల ఎరువు కలిపి, మట్టి చేతిలో ముద్ద కట్టీ కట్టనంత తేమ నిలుపుతూ, రెండు మూడు వారాలకొకసారి దున్నుతూ ఉండండి. వంద పాళ్ల కర్బనానికి పది పాళ్ల నత్రజని, ఒక పాలు భాస్వరం అన్నది వాడుకలో ఉన్న లెక్క. యూరియా మాత్రం ఒకేసారి గుమ్మరించక, విడతలుగా వేయండి.

జవాబు 2:
పొడి అంతా మోసమని అనలేం. టెరీ అనే మన దేశపు పరిశోధన సంస్థ తయారుచేసిన ఆయిల్‌జాపర్‌ను మన దేశంలోని చమురు క్షేత్రాల్లో వాడారు. అందులో మొక్కజొన్న కండెల పొడికి పట్టించిన బాక్టీరియా ఉంటుంది. అయితే గాలి, తేమ, పోషకాలు లేనిచోట అదీ బతకదు. శాస్త్రవేత్త ఆనంద మోహన్ చక్రవర్తి రూపొందించిన చమురు తినే బాక్టీరియాకు పేటెంటు ఇవ్వవచ్చని 1980లో అమెరికా సుప్రీంకోర్టు చరిత్రాత్మక తీర్పు ఇచ్చింది గానీ, ఆ బాక్టీరియాను ఏ చమురు తెట్టు మీదా ప్రయోగించనే లేదు. వ్యాపారులు ఆ కథ చెప్పినప్పుడు ఈ ముక్క వదిలేస్తుంటారు.

జవాబు 3:
రెండు సంగతులు మిగిలాయండీ. చమురు బావి నుంచి క్రూడ్‌తో పాటు ఉప్పునీరు కూడా వస్తుంది, ఉప్పును ఏ బాక్టీరియా తినలేదు. అందుచేత ముందు భూసార పరీక్షలో ఈసీ (మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత), పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం) చూపించండి. సోడియం ఎక్కువని తేలితే జిప్సం వేసి, మంచినీటితో కడిగి, మురుగు తీయాలి.

రెండోది లోతు. నైజీరియాలోని ఒగోనీ ప్రాంతంపై ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2011లో ఇచ్చిన నివేదిక, పైపైన దున్ని వదిలేసే పద్ధతిని తప్పుబట్టింది. అక్కడ చాలాచోట్ల చమురు అయిదు మీటర్ల లోతుకు దిగిపోయింది. మీ మడిలో అక్కడక్కడా గొయ్యి తీసి, ప్రతి అడుగు లోతుకూ ఒక మట్టిబెడ్డ విరిచి వాసన చూడండి. నాగలి అందనంత లోతులో వాసన వస్తే అది రైతు చేతిలో పని కాదు. కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, మట్టితో పాటు బోరు నీటిని కూడా పరీక్షించమని అడగండి. ఆ ఫలితం వచ్చేదాకా ఆ నీరు తాగకండి, పశువులకూ పెట్టకండి.