డీకేటీ భూమి అమ్మకం: బీఎఫ్ఓ కిందా, డోల్చే కిందా?

స్వర్ణముఖి: తిరుపతి, చిత్తూరు జిల్లాల భూమి దస్తావేజుల కోసం కట్టిన చట్టాల ఆంటాలజీ (భావనలను క్లాసులుగా విడదీసి, వాటి సంబంధాలను కంప్యూటర్‌కు అర్థమయ్యేలా రాసిన నమూనా) ఇది. దాన్ని బీఎఫ్ఓ అనే పై ఆంటాలజీకి (ఏ రంగానికైనా పనికొచ్చే సాధారణ క్లాసులది) తగిలించి, ప్రొటెజే అనే ఎడిటర్‌లో హెర్మిట్ అనే రీజనర్‌ను (సూత్రాల నుంచి తర్కంతో ఫలితాలు తేల్చే ప్రోగ్రామ్) నడిపితే ‘విక్రయం’ క్లాస్ ఎర్రబడుతోంది, అంటే దాని సూత్రాలు ఒకదానికొకటి పొసగడం లేదు. అది ‘ఘటన’ కిందా ఉంది, ‘దస్తావేజు’ కిందా ఉంది. బీఎఫ్ఓ వదిలి డోల్చే అనే ఇంకో పై ఆంటాలజీకి మారితే సరిపోతుందా?

రాయలచెరువు: మారినా ఎరుపు పోదండీ. బీఎఫ్ఓలో కంటిన్యువెంట్ (కాలంలో నిలిచి ఉండేది), అకరెంట్ (కాలంలో జరిగేది) ఎలా కలవవో, డోల్చేలో ఎండ్యూరెంట్, పెర్డ్యూరెంట్ అలాగే కలవవు. చిక్కంతా మన మాటలో ఉంది. సంతకాలు పెట్టిన పనినీ, రాసిన కాగితాన్నీ, దాంతో వచ్చిన హక్కునీ అన్నిటినీ ‘అమ్మకం’ అనే అంటాం. మూడు క్లాసులు చేయండి. పని ప్రాసెస్ (అకరెంట్‌లో ఒక రకం) కిందికి పోతుంది. దస్తావేజులోని పాఠం జెనరికల్లీ డిపెండెంట్ కంటిన్యువెంట్ (ఒక ఆధారం నుంచి ఇంకో ఆధారానికి మారగలిగేది), ఎందుకంటే అసలు కాగితం కాలిపోయినా సర్టిఫైడ్ కాపీలో అదే పాఠం ఉంటుంది. హక్కును ఫలానా ఒక్క మనిషినే ఆనుకొని ఉండే స్పెసిఫికల్లీ డిపెండెంట్ కంటిన్యువెంట్‌గా పెట్టొచ్చు.

పులిగుండు: మొదటి రెండూ సరే. హక్కు దగ్గరే ఒప్పుకోను. డీకేటీ పట్టా భూమిని (ప్రభుత్వం భూమిలేని పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమిని) ఎవరైనా అమ్మితే, 1977 నాటి 9వ చట్టం 3వ సెక్షన్ ప్రకారం అది ఎన్నడూ బదిలీ కానట్టే లెక్క. డబ్బు చేతులు మారింది, కొన్నాయన దున్నుతున్నాడు, అయినా హక్కు పుట్టలేదు. ‘ప్రతి విక్రయమూ ఒక యాజమాన్య హక్కును పుట్టిస్తుంది’ అని సూత్రం రాసి ఉంటే రీజనర్ ఆయనకు లేని హక్కును కల్పిస్తుంది. అప్పుడు ఏ క్లాసూ ఎర్రబడదు. నాకు భయం అక్కడే.

దేవుడి మాన్యం ఇంకా గట్టి పరీక్ష. దేవత చట్టం దృష్టిలో వ్యక్తేనని 1925లో ప్రీవీ కౌన్సిల్, 1969లో సుప్రీంకోర్టు చెప్పాయి. జీర్ణోద్ధరణలో మూర్తి మారినా మాన్యం చేతులు మారదు కదా! కాబట్టి రాతి విగ్రహం ఒక క్లాస్, యజమాని ఇంకో క్లాస్. డోల్చేలో ఆ యజమానికి సోషల్ ఆబ్జెక్ట్ అనే చోటు సిద్ధంగా ఉంది. బీఎఫ్ఓ వాడేవాళ్లు సంస్థను మామూలుగా మనుషుల సముదాయంగా పెడతారు. దేవుడికి సభ్యులు ఉండరు.

రాయలచెరువు: మాన్యం విషయంలో మీదే సరైన మాట, అక్కడ బీఎఫ్ఓ ఇరుకే. డీకేటీకి మాత్రం పై ఆంటాలజీ మార్చక్కర్లేదు. ఆ సూత్రాన్ని ‘విక్రయం’ నుంచి తీసి ‘చెల్లే విక్రయం’ అనే ఉపక్లాస్‌కు పెట్టండి, చాలు.

పులిగుండు: ఏది చెల్లుతుందో తేల్చేదెలా అన్నా? అదే సెక్షన్‌లో 3(5) చూడు. చట్టం రాకముందే భూమిలేని పేద ఒకరు అసలు పట్టాదారు దగ్గర సద్బుద్ధితో, విలువిచ్చి కొని, చట్టం వచ్చేనాటికి భూమి తన స్వాధీనంలో ఉంటే నిషేధం తగలదు. 20 ఏళ్లు దాటిన పట్టాలకు 2023 సవరణ వేరే దారి ఇచ్చింది. ఆంటాలజీలు రాసే ఔల్ భాషలో ఒకసారి తేలిన మాటను కొత్త సమాచారం వెనక్కి లాగలేదు. ఇలాంటి నిషేధాలు, మినహాయింపులు లీగల్‌రూల్‌ఎంఎల్ (చట్ట నియమాలు రాసే భాష) లాంటి నియమాల పొరలో ఉండాలి. అక్కడ తేలిన ఫలితమే ‘చెల్లే విక్రయం’గా ఆంటాలజీలోకి రావాలి.

రాయలచెరువు: దానికి ఒప్పుకుంటా. స్వర్ణముఖి గారూ, పై ఆంటాలజీ ఫైల్‌ను ముట్టుకోకండి, చట్టాల ఫైల్‌ను విడిగా ఉంచండి, రెంటినీ కలిపే వంతెన సూత్రాలు మూడో ఫైల్‌లో రాయండి. ఒక్కో సబ్‌క్లాస్ సూత్రం (ఈ క్లాస్ ఆ క్లాస్ కిందిది అనేది) చేర్చి, ప్రతిసారీ హెర్మిట్ నడపండి. ఒకేసారి నలభై చేరిస్తే ఎరుపు ఎక్కడ మొదలైందో దొరకదు. ఈక్వివలెంట్ (రెండు క్లాసులూ ఒకటే అనే సూత్రం) మాత్రం వాడకండి, పైనున్న ప్రాసెస్‌లన్నీ విక్రయాలైపోతాయి. పరీక్షకు మూడు ఉదాహరణలు పెట్టండి: చెల్లని డీకేటీ అమ్మకం, 3(5) కిందికొచ్చే అమ్మకం, ఒక మాన్యం. మొదటిదానికి హక్కు పుట్టినట్టు క్వెరీలో వస్తే, ఏ క్లాసూ ఎర్రబడకపోయినా చివర చేర్చిన సూత్రాన్ని తీసేయండి.